హిప్ రూఫ్ కారుడుకు బ్యూటైల్ టేపు: ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ నిలవదు

పైన అల్యూమినియం రేకు, అడుగున జిగురుగా బ్యూటైల్ రబ్బరు. నాలుగు పక్కలా వాలు ఉండే కప్పు హిప్ రూఫ్. అందులో రెండు వాలులు బయటికి కలిసే ఏటవాలు అంచులైన మూల కొప్పులకు ఈ టేపు చాలా మంచి సరుకు. రెండు వాలులు లోపలికి కలిసే వ్యాలీకి మాత్రం దీన్ని నమ్ముకోకూడదు. ఈ తేడా చూసుకోకుండా కనపడ్డ అతుకుకల్లా అంటించి, తర్వాత టేపునే తిట్టుకునేవాళ్లు చాలామంది.

ముందు కారే చోటు తేలాలి. గదిలో మరక పడ్డ చోటే కప్పుకు చిల్లు ఉంటుందనుకోవద్దు. నీరు పైనెక్కడో దూరి, వాసం వెంబడి జారి, మేకో అతుకో అడ్డు తగిలిన చోట చుక్కగా రాలుతుంది. అందుకే మరక నుంచి పైకి వెతకాలి. ఒకరు అటకలో టార్చ్‌తో ఉండాలి, ఇంకొకరు బయట నిచ్చెన మీంచి పైపుతో నీళ్లు వదలాలి. చూరు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో చోట 10 నుంచి 15 నిమిషాలు ఆగి, అప్పుడు కాస్త పైకి జరగాలి. మొదటే కొప్పు మీద పోస్తే కింది అతుకులన్నీ తడిసిపోతాయి, ఏది కారిందో తెలియదు. ధారను కింది నుంచి పైకి చిమ్మినా తప్పే. నీరు పెంకుల కిందికి ఎదురెక్కి, లేని కారుడును చూపిస్తుంది. వాన లేని చలి ఉదయాల్లో కూడా రేకుల కప్పు అడుగున చుక్కలు కనిపిస్తే అది కారుడు కాదు, అటకలో గాలి ఆడక పట్టిన చెమ్మ. దానికి టేపు మందు కాదు, గాలి దారులు కావాలి.

మూల కొప్పులే ఎందుకు ముందు చెడతాయంటే, పెంకు, సిమెంట్ మాలు, కింది చెక్క ఎండకూ చలికీ ఒక్కో తీరున సాగి ముడుచుకుంటాయి. గట్టిపడ్డ మాలు ఆ కదలికకు ఓర్చుకోలేక వెంట్రుకంత పగుళ్లు తీస్తుంది. బ్యూటైల్ ఏళ్ల తరబడి మెత్తగానే ఉండి కదలికతో పాటు సాగుతుంది. దీని అసలు విలువ అదే. రేకుల కప్పులో తప్పు చాలాసార్లు స్క్రూల రబ్బరు వాషర్లది. ఎండకు గట్టిపడి పగిలిన వాషర్లను మార్చకుండా పైన టేపు వేస్తే సగం పనే.

రేకుల కప్పుకు కొప్పు అతుకుల మీద 150 మి.మీ. వెడల్పు టేపు సరిపోతుంది, అతుకుకు రెండు పక్కలా 75 మి.మీ. పట్టు దొరుకుతుంది. పెంకులకైతే పైన అంటించడం తాత్కాలికమే. కొప్పు పెంకులు తీసి, పాత మాలు గీకేసి, ఈ టేపులోనే 300 మి.మీ. వెడల్పున్న ముడతల రకాన్ని కింద పరిచి, పెంకులను మళ్లీ స్క్రూలతో బిగించాలి. పచ్చి సిమెంటు మాత్రం తగలనివ్వద్దు, అందులోని క్షారం అల్యూమినియాన్ని తినేస్తుంది.

కొలత విషయానికొస్తే, 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 30 డిగ్రీల వాలు ఉన్న కప్పు తీసుకోండి. ఒక్కో మూల కొప్పు సుమారు 6.1 మీటర్లు, నాలుగూ కలిపి 24.4. పై కొప్పు 4 మీటర్లు. మొత్తం 28.4 అని 10 మీటర్ల రోల్స్ మూడు కొంటే అతుకుల దగ్గర తరుగు పడుతుంది. నాలుగు కొనాలి.

అంటించేటప్పుడు నాచును తీగ బ్రష్‌తో గీకి, దుమ్ము తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. పెంకు, సిమెంటు లాంటి పీల్చే ఉపరితలానికి ప్రైమర్, అంటే టేపు పట్టడానికి ముందుగా పూసే పూత, తప్పనిసరి. చూరు నుంచి పైకి వేస్తూ వెళ్లాలి, పై ముక్క కింది ముక్క మీద 100 మి.మీ. ఎక్కాలి. లాగి అంటిస్తే తర్వాత ముడుచుకుని అంచు లేస్తుంది. చిన్న రోలర్‌తో గట్టిగా నొక్కండి, వేలితో చాలదు. రెండు మూల కొప్పులూ పై కొప్పూ కలిసే చోటు అన్నిటికన్నా ప్రమాదం. ముందు మూలలు, తర్వాత పై కొప్పు, చివరగా మూడింటినీ కప్పుతూ 300 మి.మీ. చదరపు ముక్క వేయాలి.

బిటుమెన్ టేపు చవకే కానీ, ఎండకు మెత్తబడి జారుతుంది, చలికి పెళుసవుతుంది. సిలికాన్ పూసిన చోట ఏదీ అంటదు కాబట్టి పాత సిలికాన్‌ను పూర్తిగా గీకాలి. వాలులో పెంకుల కింది అంచులను ఏ టేపుతోనూ మూయొద్దు, లోపలికి చేరిన నీరు బయటికి పోయే దారి అదే.

వ్యాలీలో రెండు వాలుల నీరూ, ఆకులూ చేరతాయి. అక్కడ 600 మి.మీ. వెడల్పు లోహపు రేకే ఉండాలి. ఆకులు రాలే కాలం అయ్యాక ఒకసారి, వానలకు ముందు ఒకసారి దాన్ని ఊడ్చి, అప్పుడే టేపు అంచులు కూడా చూడండి. వేలిగోరుకు లేచే అంచు కనిపిస్తే అంతవరకు కోసి, శుభ్రం చేసి, కొత్త ముక్క వేయాలి.