హిమాలయన్ 411తో 46,000 కిలోమీటర్లు: బండి సగం, బండి ఉన్నవాళ్లు సగం

రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల హిమాలయన్ మోటార్‌సైకిల్ ఇది. 2021లో కొన్నాను, బీఎస్ 6 (పొగ కాలుష్యానికి పెట్టిన ప్రమాణం) బండి. మీటరు ఇప్పుడు 46,000 దాటింది. ఇందులో సగం ఉప్పల్ నుంచి ఆఫీసుకు తిరిగినవే కాబట్టి నన్నేదో పెద్ద రైడర్ అనుకోకండి. శ్రీశైలం ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు. మారేడుమిల్లి రెండుసార్లు, లేహ్ ఒక్కసారి.

ముందు బండి సంగతి. 411 సీసీ, 24.3 హార్స్ పవర్, అయిదు గేర్లు, 199 కిలోల బరువు. ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే దీని స్వభావం తెలిసిపోతుంది. విజయవాడ హైవే మీద 80, 90 మధ్య పెట్టుకుంటే పొద్దంతా హాయిగా పోతుంది. 110 దాటించారా, హ్యాండిల్ జివ్వుమంటుంది, ఓవర్‌టేక్ చేయాలంటే ముందే లెక్క వేసుకోవాలి. వేగం కావలసినవాళ్లు ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద దీన్ని వెనక్కి తోసిన ప్రతిసారీ ఆ 199 కిలోలూ నడుముకు తెలుస్తాయి.

రోడ్డు పాడయ్యాక మాత్రం ఇది వేరే బండి. ముందు సస్పెన్షన్ 200 మిల్లీమీటర్లు ఆడుతుంది, వెనకది 180, కిందనుంచి ఎత్తు 220. గుంతను చూసి బ్రేకు వేసే అలవాటే పోయింది నాకు. సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లే, అయిదున్నర అడుగుల మనిషికి కాలు ఆనుతుంది. సెంటర్ స్టాండు కూడా కంపెనీ నుంచే వస్తుంది. పంక్చరు పడేదాకా దాని విలువ ఎవరికీ తెలియదు.

ఇదంతా ఏ బ్రోచరు చూసినా తెలిసేదే. తెలియనిది కొన్న నాలుగో నెలలో మొదలైంది. పొద్దున నాలుగింటికి శ్రీశైలానికి బయల్దేరాను. మన్ననూరు అడవి గేటు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు, అది తెరిచే వేళకు చేరాలని లెక్క. దిండి దగ్గర టీకి ఆగితే, ఇదే బండి వేసుకొచ్చిన పెద్దాయన ఒకరు అడక్కుండానే నా బండి పక్కన గొంతుకూర్చుని చైను ఎత్తి చూశాడు.

"తమ్ముడూ, చైను గింత టైటు ఎవడు కట్టిండు?"

అంతకు వారం ముందే ఒక మెకానిక్ దగ్గర సర్వీసు అయింది. "వదులుగా ఉంటే చప్పుడొస్తుంది కదన్నా, బిగించాడు" అన్నాను.

"నువ్వెక్కి కూసో, నేన్ చూపిస్త" అని నన్ను కూర్చోబెట్టి, తనూ వెనక సీటు మీద బరువు వేసి, చైను ముట్టుకుని చూడమన్నాడు. తీగలా బిగుసుకుంది. బండి గుంతలో పడితే వెనక చక్రం పైకి లేస్తుంది, చైను ఇంకా లాగుతుంది, ఆ బలమంతా బేరింగుల మీద పడుతుంది. సస్పెన్షన్ ఎంత ఎక్కువ ఆడితే చైనుకు అంత వదులు ఇవ్వాలి. మామూలు బండికి కట్టినట్టు దీనికి కట్టకూడదు. టూల్ కిట్ తీసి పది నిమిషాల్లో సరిచేశాడు, టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు. వెళ్లేటప్పుడు నా నంబరు తీసుకుని వాట్సాప్ గ్రూపులో కలిపాడు.

అప్పటికి నేనున్న గ్రూపులు మూడు. అన్నింట్లోనూ పేరు హిమాలయన్, లోపల కలగాపులగం. చాలామంది తడబడేది ఇక్కడే. 2016లో వచ్చిన మొదటి హిమాలయన్‌కు కార్బురేటర్, అంటే గాలీ పెట్రోలూ కలిపి ఇంజిన్‌కు పంపే పాత తరహా పరికరం. 2017లో బీఎస్ 4తో ఫ్యూయల్ ఇంజెక్షన్ (పెట్రోలు కొలతను కంప్యూటరే చూసుకునేది) వచ్చింది, 2020లో బీఎస్ 6 అయింది. 2022లో వచ్చిన స్క్రామ్ 411కు ఇంజిన్ ఇదే, ముందు చక్రం మాత్రం 19 ఇంచులు. మనది 21. ఇక 2023 నవంబరులో వచ్చిన 450కి పేరు తప్ప ఏదీ కలవదు, అది నీళ్లతో చల్లబడే 452 సీసీ ఇంజిన్. "హిమాలయన్ స్టార్ట్ అవ్వట్లేదు, ఏం చేయాలి?" అని రాస్తే ఈ అందరి నుంచీ జవాబులొస్తాయి. ఎవరి బండికి వాళ్లు కరెక్టే, మన బండికి మాత్రం ఒక్కటీ సరిపోదు. చోక్ (కార్బురేటర్ బండి చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయడానికి లాగే మీట) లాగమని ఒకాయన చెబితే, లేని చోక్ కోసం కాసేపు వెతికిన మహానుభావుణ్ణి నేనే.

దిండి పెద్దాయన గ్రూపులో నియమం ఒక్కటే. ప్రశ్న అడిగే ముందు ఏ సంవత్సరం బండో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాయాలి. రాయకపోతే జవాబు ఉండదు. గుడ్ మార్నింగ్ పూల బొమ్మలు పెట్టినవాణ్ణి ఒకసారి నిర్దాక్షిణ్యంగా తీసేశారు కూడా. మీరు కొత్తగా గ్రూపు వెతుక్కుంటుంటే చేరగానే పాత మెసేజులు అడిగి చదవండి. క్రాష్ గార్డుల బేరాలే కనిపిస్తే బయటికొచ్చేయండి. ఇంజిన్‌లో ట్యాపెట్ చప్పుడు గురించి ఇద్దరు కొట్టుకుంటుంటే అక్కడే ఉండండి.

లేహ్ వెళ్లింది 2022లో, ముగ్గురం. ఒకడిది కార్బురేటర్ బండి. బండ్లు సికింద్రాబాద్ స్టేషన్‌లో పార్శిల్ వేశాం. ట్యాంకులో చుక్క పెట్రోలు ఉండకూడదు. ఆర్‌సీ జిరాక్స్ కావాలి. అద్దాలు విప్పి మన సంచీలోనే పెట్టుకోవాలని చెప్పింది గ్రూపే. వినకుండా అలాగే గోనెపట్టాలు చుట్టించినవాడికి ఢిల్లీలో ఒక అద్దమే మిగిలింది.

మనాలి దాటి టాండీ బంకు దగ్గర, తర్వాతి బంకు 365 కిలోమీటర్లు అని బోర్డు ఉంది. నా మైలేజీ 30, ట్యాంకు 15 లీటర్లు, అంటే 450 వస్తుందని ధీమాగా ఉన్నాను. "కొండెక్కేటప్పుడు ఫస్టూ సెకండే పడతాయి, 26 కంటే ఎక్కువ లెక్క వేసుకోవద్దు" అని పెద్దాయన ముందే అన్నాడు. 26 ప్రకారం 390. ఎక్కడైనా దారి తప్పితే అంతే సంగతులు. అయిదు లీటర్ల క్యాను కట్టుకున్నాను. నాకు అవసరం పడలేదు గానీ టంగ్లంగ్ లా కనుమ దిగాక అందులోంచి 2 లీటర్లు మా కార్బురేటర్ వాడి బండిలో పోశాను. పైన గాలి పలచన, కార్బురేటర్ మాత్రం పెట్రోలు అదే కొలతలో పోస్తూ ఉంటుంది. బారాలాచా కనుమ మీద వాడి బండి దగ్గుతూ నల్లపొగ వదులుతూ ఎక్కింది. ఫ్యూయల్ ఇంజెక్షన్ గాలిని బట్టి కొలత సర్దుకుంటుంది, అందుకే మా రెండూ నెమ్మదించాయే తప్ప మొరాయించలేదు.

మారేడుమిల్లి దాటాక చింతూరు దారిలో ముందు చక్రం పంక్చరైంది. స్పోకు చక్రాలు, లోపల ట్యూబు. పంక్చరు షాపులో 17, 18 ట్యూబులు కట్టలకొద్దీ వేలాడుతున్నాయి, 21 లేదు. నా బ్యాగులో ఉంది. ఎందుకుందో వేరే చెప్పక్కర్లేదు.

ఖర్చులు చెప్పుకోదగ్గవి లేవు. ఆయిలు, ఫిల్టరు, రెండు సెట్ల టైర్లు, ఒక చైను సెట్టు, బ్రేకు ప్యాడ్లు. 500 కిలోమీటర్లకోసారి చైను తుడిచి 90 నంబరు గేర్ ఆయిలు రాస్తాను, ఆదివారం పొద్దున పావుగంట పని. మా ఆవిడ దాన్ని పూజ అంటుంది.

411 తయారీ ఆగిపోయింది, గ్రూపు కూడా కొంచెం చప్పబడింది. లేహ్‌కు నాతో వచ్చిన కార్బురేటర్ వాడు పాప పుట్టాక బండి అమ్మేసి స్కూటర్ కొన్నాడు. పోయిన నెల ఇంటికొచ్చి తన దగ్గరున్న 21 ఇంచుల ట్యూబు నాకిచ్చి పోయాడు. బండి లేదు కదా, గ్రూపులోంచి వెళ్లిపోతావా అంటే, "వెళ్తే కార్బురేటర్ ప్రశ్నలకు ఎవడు చెప్తాడు?" అన్నాడు. నిన్న రాత్రి పదకొండింటికి ఎవరికో కార్బురేటర్ జెట్టు (పెట్రోలు వెళ్లే సన్న రంధ్రం) ఎలా శుభ్రం చేయాలో వాయిస్ మెసేజి పెట్టాడు, వెనక పాప ఏడుపు వినిపిస్తోంది.