రంగే నిలబెట్టిన బండి: బరంపురంలో థార్‌తో తొమ్మిదేళ్లు

గోపాల్‌పూర్ బీచ్ మా ఇంటికి 16 కిలోమీటర్లు. ఒడిశాలోని మా బరంపురంలో సముద్రం కనపడదు కాబట్టి ఉప్పు గాలి ఇంతదూరం రాదని ఇక్కడ చాలామందికి ధీమా. నాకూ అదే ధీమా ఉండేది. 2016లో విశాఖపట్నంలో ఒకాయన దగ్గర మహీంద్రా థార్ కొన్నాను. 2013 ఆగస్టు రిజిస్ట్రేషన్, 2.5 లీటర్ల సీఆర్‌డీఈ డీజిల్ ఇంజన్. అప్పటికి 31 వేల కిలోమీటర్లు తిరిగింది, ఇప్పుడు లక్షా 18 వేలు. ఇంజన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వేళకి ఆయిల్ మారిస్తే చాలు, మొండిగా తిరుగుతుంది. నా డబ్బునీ ఆదివారాలనీ తిన్నది తుప్పు.

కొన్న కొత్తలో ఉత్సాహం ఎక్కువ కదా. కారుతున్న గుడ్డ టాప్ తీసేసి ఫైబర్ హార్డ్‌టాప్ పెట్టించాను. 235/70 టైర్ల స్థానంలో 245/75 వచ్చాయి. ముందు ఇనప బంపర్, దానికో వించ్ (దిగబడిన బండిని తాడుతో లాగే మోటారు), పక్కన స్నార్కెల్ (నీళ్లు తగలని ఎత్తు నుంచి ఇంజన్‌కి గాలి తెచ్చే గొట్టం). వీటన్నిటితో పాటు తొమ్మిది వేలు పెట్టి అడుగంతా నల్ల రబ్బరు కోటింగ్ కొట్టించాను. ఐదేళ్లు చూడక్కర్లేదన్నారు. చూడలేదు.

ఏడాది తర్వాత బండిని ఒడిశా నంబరుకి మార్చుకోవడానికి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) కోసం ఫారం 28 నింపాల్సి వచ్చింది. దాని మీద చాసిస్ (అడుగు చట్రం) నంబరు పెన్సిల్ ప్రింట్, అంటే నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసిన అచ్చు, అంటించాలి. తీరా చూస్తే నంబరు కనపడదు, దాని మీద కూడా కోటింగ్ కొట్టేశారు! పుట్టీ పట్టీతో గీకితే కోటింగ్ దోసె లేచినట్టు రేకుగా లేచివచ్చింది. కింద ఇనుము ఎర్రగా, తడిగా ఉంది. వారం రోజులుగా వాన లేదు, అయినా తడి. నంబరు ఎలాగో చదవగలిగాం. కానీ ఆ రోజు సాయంత్రం టార్చిలైటు పట్టుకుని బండి కింద పడుకున్నవాణ్ణి భోజనానికి పిలిచేదాకా లేవలేదు.

ఆ కోటింగ్‌తో చిక్కేమిటంటే, అది కొత్త ఇనుము మీద బాగానే పనిచేస్తుంది. పాత బండి మీద, సందుల్లో మట్టి పూర్తిగా కడగకుండా, ఆరకుండా కొడితే తడిని లోపల పెట్టి మూత బిగించినట్టే. రాయి తగిలి ఒక చోట చిట్లినా చాలు, ఉప్పు నీళ్లు లోపలికి పోతాయి, బయటికి రావు. ఉప్పు అనేది గాల్లోని తేమను కూడా పీల్చుకుంటుంది కాబట్టి ఎండాకాలంలోనూ తుప్పు ఆగదు. పైకి మాత్రం నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. మా వీధి ఒడియా మెకానిక్ వంగి చూసి "కళంకి" అన్నాడు. ఒడియాలో తుప్పుకి అదే మాట. వాళ్ల మాటే నాకు సరైనదనిపించింది.

టింకరింగ్‌కి, అంటే రేకు పనికి, ఇచ్ఛాపురంలో ఒక మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కార్పెట్ ఎత్తి, డ్రైవర్ కాళ్ల కింద ఫ్లోరు మీద స్క్రూడ్రైవర్‌తో తట్టాడు. రెండో దెబ్బకి స్క్రూడ్రైవర్ కిందికి దిగిపోయింది. "రంగే నిలబెడతంది బాబూ, ఇనుము ఎప్పుడో పోనాది" అన్నాడు.

ఆయన నేర్పిన పద్ధతే ఇప్పటికీ పాటిస్తున్నాను. తుప్పు పట్టిన చోట పైన ఇంకో రేకు అతికించకూడదు, రెండు రేకుల మధ్య మళ్లీ తడి చేరుతుంది. మంచి ఇనుము తగిలేదాకా కోసేసి, అంచుకి అంచు కలిపి 18 గేజ్ రేకు సీఓటూ వెల్డింగ్ చేయాలి. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ వైర్లూ, ఇంజన్ కంప్యూటర్ సాకెట్టూ తీసేయాలి, లేదంటే ఆ కంప్యూటర్ పోతే తుప్పు ఖర్చే నయమనిపిస్తుంది. కోయడానికి వీల్లేని చోట వైరు బ్రష్‌తో రుద్ది ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ పూస్తే ఎర్ర తుప్పు నల్లగా గట్టిపడుతుంది. దాని మీద ప్రైమరు. బోడి ఇనుము మీద జింక్ ప్రైమర్, అతుకుల్లో సీలెంట్, ఆ తర్వాతే రంగు. నాలుగు రోజులు పట్టింది, 22 వేలు అయింది. ఎనిమిదేళ్లయినా ఆ ఫ్లోరు చెక్కుచెదరలేదు. ఒక్క టెయిల్‌గేట్ (వెనక తలుపు) దగ్గర మాత్రం తొందరపడి పైన రేకు అతికించమన్నాను. దాని సంగతి చివర్లో.

అప్పుడు తెలిసిన ఇంకో విషయం, ప్రతి మోడిఫికేషనూ ఒక రంధ్రంతో మొదలవుతుంది. స్నార్కెల్ కోసం ఫెండర్ (ముందు చక్రం మీది రేకు) కోసి, ఆ అంచుకి ప్రైమర్ కూడా పూయలేదు. మొదట తుప్పు పట్టింది అక్కడే. హార్డ్‌టాప్ బోల్టు రంధ్రాలదీ అదే కథ. పైగా బాడీ అడుగున నీళ్లు పోవడానికి కంపెనీ ఇచ్చిన చిన్న చిన్న రంధ్రాలు కోటింగ్‌తో మూసుకుపోయాయి. వాటిని మళ్లీ తెరవడానికి ఒక పూట పట్టింది.

ఇప్పుడు ఏటా మే నెలాఖరులో, వానలకి ముందు, వాటర్ సర్వీసింగ్ చేయించి రెండు రోజులు ఎండలో పెడతాను. తర్వాత పొడవాటి సన్న గొట్టంతో చాసిస్ లోపలికి, డోర్ల అడుక్కి మైనం స్ప్రే. రెండున్నర, మూడు వేలు దాటదు. బీచ్‌కి వెళ్లొస్తే అదే రోజు మంచినీళ్లతో అడుగు కడగడం. సర్వీసింగ్ కుర్రాళ్లు చివర్లో కొట్టే డీజిల్ స్ప్రే మాత్రం వద్దంటాను. రెండు రోజులు మెరుస్తుంది, తర్వాత దుమ్ము పట్టేస్తుంది, రబ్బరు బుష్‌లు ఉబ్బిపోతాయి.

ఇన్సూరెన్స్ పాఠం తిత్లీ తుఫాను చెప్పింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటినప్పుడు బండి పర్లాఖెముండిలో మా పిన్ని వాళ్ల వాకిట్లో ఉంది. మామిడి కొమ్మ విరిగి పైన పడింది. హార్డ్‌టాప్ రెండుగా చీలింది, అద్దం పగిలింది, దాని ఫ్రేమూ బానెట్టూ వంగాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. కొమ్మ కదపకుండా నాలుగు వైపులా ఫొటోలు తీసి, దారి తెరుచుకున్నాక బరంపురం వచ్చి క్లెయిమ్ ఫోన్ చేశాను.

సర్వేయర్ మర్యాదస్తుడే, కానీ మొదటి మాటే అద్దం ఫ్రేము అడుగున పాత తుప్పు కనపడుతోందని. నిజమే, తుప్పూ అరుగుదలా ఏ మోటార్ పాలసీలోనూ రావు. ఆ ఫ్రేము అడుగు కూడా కోసి అతికించిన ఇచ్ఛాపురం బిల్లూ, అప్పుడు తీసిన ఫొటోలూ చూపించాను. అడుగు కొత్త ఇనుమే, పైన కనపడేది గీతల మీద పట్టిన మరకేనని ఒప్పుకున్నాడు. ఆ బిల్లు పారేసి ఉంటే ఫ్రేము డబ్బులు పోయేవి. హార్డ్‌టాప్ దగ్గర మాత్రం నా దగ్గర జవాబు లేదు. పాలసీలో రాయించలేదు కాబట్టి 36 వేలూ ఒక్క గీతతో కొట్టేశాడు.

మొత్తం బిల్లు 83 వేలు. టాప్ పోగా 47. అందులో ఇనప భాగాలు 24 వేలు, బండి ఐదేళ్లు దాటి రెండు నెలలే అయినా 40 శాతం తరుగు. రబ్బరు, పెయింట్ సామాను 4 వేలకి సగం. అద్దం 6,500, లేబర్ 12,500 పూర్తిగా ఇచ్చారు. 1,500 సీసీ దాటిన బండికి తప్పనిసరి కోత 2 వేలు. చేతికొచ్చింది 33,400. అన్యాయమని అనను, లెక్కంతా పాలసీ కాగితంలో ఉన్నదే. నేను చదవలేదంతే.

మరుసటి ఏడు కొత్త టాప్ బిల్లు ఇచ్చి దాని విలువ ఐడీవీకి (పాలసీలో బండికి కట్టే విలువ) కలిపించాను. వించ్ లాంటి ఎలక్ట్రికల్ సామానుకి విలువలో 4 శాతం అదనపు ప్రీమియం. ఇంజన్‌లో నీళ్లు పోతే వర్తించే కవర్ తీసుకోలేదు, మహేంద్రగిరి దారిలో వాగు పొంగితే వెనక్కి తిరగడం నాకు చేతనవును.

ఇనప బంపర్ తీసేశాను. బుల్ బార్లు పెట్టకూడదని కేంద్రం 2017 డిసెంబరులోనే చెప్పింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని తీర్పిచ్చింది. అదే ఏడాది చట్టసవరణతో ఒక్కో మార్పుకీ 5 వేలు జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పెద్ద టైర్లూ పోయాయి. వాటికి నాకు బాధేం లేదు. మీటరు 80 చూపిస్తే బండి 84లో పోయేది, ఘాట్ ఎక్కుతుంటే క్లచ్ వాసన వచ్చేది. స్నార్కెల్ తీసి ఫెండర్ మార్పించడానికి మాత్రం మనసు గట్టిగా నొచ్చుకుంది.

2028 ఆగస్టుకి బండికి పదిహేనేళ్లు. ఆర్‌సీ రెన్యువల్‌కి ఫిట్‌నెస్ చూపించాలి. ఆ రోజుకి చాసిస్ నంబరు చుట్టూ నాలుగంగుళాల మేర ఏ కోటింగూ లేకుండా, ప్రైమరూ గ్రీజూ మాత్రమే ఉంచుతున్నాను. టెయిల్‌గేట్ అడుగున అతికించిన రేకు ఈ వానలకి మళ్లీ ఉబ్బింది. గోరుతో నొక్కితే పటపటమంటోంది. దసరా దాటాక ఇచ్ఛాపురం వెళ్లి కోయించాలి.