రిక్వెస్ట్ గుర్తు సంఖ్య: గడపలో ఇవ్వాలా, నట్టింట్లో ఇవ్వాలా?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేసి, "బాబూ, ఏడున్నర ప్రాంతంలో ఫీజు కడుతుంటే ఏదో పొరపాటు జరిగిందని చూపించింది. డబ్బు పోయినట్టేనా?" అని అడిగారు. మాదాపూర్‌లోని మా ఆఫీసులో ముగ్గురం మూడు సర్వర్ల లాగులు, అంటే జరిగిన ప్రతి పనీ వరుసగా నమోదయ్యే చిట్టాలు, తెరిచి కూర్చున్నాం. ఆ సమయంలో వచ్చిన రిక్వెస్టుల (వాడేవారి బ్రౌజర్ నుంచి సర్వర్‌కు వచ్చే అభ్యర్థనల) వరుసలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. ఆవిడవి ఏవో తేల్చేసరికి రాత్రి పదయింది. అంతసేపూ ఆవిడ దిగులుతో ఎదురుచూశారు. నన్ను బాధపెట్టింది అదే.

ప్రతి రిక్వెస్టుకూ ఒక ప్రత్యేక సంఖ్య ఇవ్వాలని మర్నాడే నిర్ణయించాం. దాన్ని ముందు నిలిచి రిక్వెస్టులను అందుకునే వెబ్ సర్వర్ ఇంజిన్‌ఎక్స్ (nginx) ఇవ్వాలా, లోపలి పైథాన్ అప్లికేషన్ ఇవ్వాలా అన్న దగ్గర వాదన మొదలైంది.

అప్లికేషన్‌లో అయితే పని సులువు. మిడిల్‌వేర్‌లో (ప్రతి రిక్వెస్టూ దాటి వెళ్ళే కోడ్‌లో) నాలుగు వరుసలు రాస్తే చాలు, ప్రతి ఒక్కరి ల్యాప్‌టాప్‌లోనూ అదే నడుస్తుంది. కానీ అప్లికేషన్ పడిపోయినప్పుడు వచ్చే పొరపాటు కోడ్ 502, ఫైలు మరీ పెద్దదని ఇంజిన్‌ఎక్సే తిప్పి పంపే 413 వంటివి లోపలి దాకా రానే రావు. ఫోన్లు వచ్చేది ఎక్కువగా అలాంటప్పుడే. ఆసుపత్రిలో ఓపీ చీటీ డాక్టరు గదిలో రాస్తే, వరండాలోనే కుప్పకూలిన రోగికి చీటీ ఉండదు కదా!

అందుకే నా ఓటు ఇంజిన్‌ఎక్స్‌కే. 1.11.0 వెర్షన్ నుంచి ఇందుకోసం అందులో ఒక వేరియబుల్ ఉంది. యాదృచ్ఛికంగా తీసిన 16 బైట్లను 32 అక్షరాలుగా (0-9 అంకెలు, ఎ నుంచి ఎఫ్ దాకా ఇంగ్లిష్ అక్షరాలు) ఇస్తుంది. అయితే అది దానంతట అది ఎక్కడికీ చేరదు. లాగ్ ఫార్మాట్‌లో చేర్చాలి, లోపలి అప్లికేషన్‌కు హెడర్‌గా (రిక్వెస్టుకు, జవాబుకు తోడుగా వెళ్ళే అదనపు సమాచారంగా) అందించాలి, జవాబులోనూ పంపాలి. ఈ మూడోచోటే మేము పొరబడ్డాం. జవాబు హెడర్ చేర్చే ఆదేశం చివర 'ఆల్వేస్' అని రాయకపోతే 404, 500 వంటి పొరపాటు జవాబులకు ఆ హెడర్ రాదు. రెండు రోజుల పాటు సవ్యంగా నడిచిన వాటికి సంఖ్య ఉంది, విఫలమైన వాటికి లేదు!

అపాచీ అనే మరో వెబ్ సర్వర్ వాడేవారికి ఇదే పని చేసే యూనిక్ ఐడీ మాడ్యూల్ ఉంది.

1, 2, 3 అంటూ లెక్కపెట్టుకుంటూ పోదామని ఒక మిత్రుడు అన్నాడు. మూడు సర్వర్లూ మూడు ఒకట్లు ఇస్తాయి, రీస్టార్ట్ చేస్తే మళ్ళీ ఒకటి నుంచే. అది వద్దు. యూయూఐడీలో (మళ్ళీ రాకుండా తయారుచేసే ప్రామాణిక గుర్తు సంఖ్యలో) యాదృచ్ఛికంగా తీసే నాలుగో రకమా, ఏడో రకమా అన్నది మాత్రం ఆలోచించదగ్గ ప్రశ్న. 2024లో ప్రమాణంగా వచ్చిన ఏడో రకంలో మొదటి 48 బిట్లు మిల్లీసెకన్లలో సమయాన్ని చెబుతాయి. డేటాబేస్‌లో దాచి, ఇండెక్స్ (త్వరగా వెతికే సూచిక) కట్టే పనైతే, సమయ క్రమంలో ఉంటుంది కాబట్టి అదే మేలు. లాగు వరుసలో సమయం ఎలాగూ ఉంటుంది కాబట్టి మాకు ఇంజిన్‌ఎక్స్ సంఖ్యే సరిపోయింది.

బయటివారు తామే సంఖ్య పంపితే? మేము తీసుకోం. ఒకే సంఖ్యను వెయ్యి రిక్వెస్టులకు తగిలించవచ్చు, లాగును చెడగొట్టే అక్షరాలు దూర్చవచ్చు. మన సొంత సర్వీసుల మధ్య మాత్రం వచ్చిన సంఖ్యనే ముందుకు పంపాలి.

అప్లికేషన్‌కు పని పూర్తిగా తప్పదు. బయటి రిక్వెస్టు, హెడర్ లేకుండా తమంతట తామే మొదలయ్యే రాత్రిపూట పనులకు అప్లికేషనే సంఖ్య ఇవ్వాలి. ఎసింక్ కోడ్‌లో (ఒక పని ఆగినప్పుడు మరో పని చేసే కోడ్‌లో) ఒకే థ్రెడ్ మీద, అంటే ఒకే పని వరుస మీద, అనేక రిక్వెస్టులు నడుస్తాయి కాబట్టి థ్రెడ్ లోకల్‌ను (థ్రెడ్‌కు ఒకటిగా ఉండే నిల్వను) నమ్మితే ఒకరి సంఖ్య మరొకరి వరుసలో పడుతుంది. అందుకే పైథాన్ 3.7 నుంచి ఉన్న, ఏ పని విలువను ఆ పనికే ఉంచే కాంటెక్స్ట్‌వార్స్ (contextvars) వాడాం.

ఇప్పుడు పొరపాటు పేజీలో సంఖ్యలోని మొదటి ఎనిమిది అక్షరాలు పెద్దగా కనిపిస్తాయి. ఫోనులో బి, సి, డి, ఇ ఒకేలా వినిపిస్తాయని తెలిశాక, పక్కనే వాట్సాప్‌లో పంపే బటన్ కూడా పెట్టాం.