జీడితోటలో నేలను దున్ని ఉంచాలా, కప్పి ఉంచాలా? ఏది మేలు?

ఒంగోలుకు తూర్పున కొత్తపట్నం మొదలుకొని సింగరాయకొండ, ఉలవపాడు మీదుగా కావలి దాకా తీరం వెంట ఇసుక నేలలే. అక్కడ జీడితోట ఉన్న ఇళ్లలో ఇప్పుడు ఒక కొత్త తగువు మొదలైంది. తోట అద్దంలా శుభ్రంగా ఉండాలి, గడ్డి పరక కనిపించకూడదు అంటాడు తండ్రి. నేలను అసలు కదపకూడదు, పచ్చగా కప్పి ఉంచాలి అంటాడు ఫోనులో స్పెయిన్ ఆలివ్ తోటలు చూసిన కొడుకు. ఇద్దరి మాటలోనూ పస ఉంది. ఇద్దరూ వదిలేస్తున్నది క్యాలెండరును.

అసలు ఆలివే వేస్తే పోలేదా అని అడిగేవారూ ఉన్నారు. వద్దు. ఆలివ్ పూతకు రావాలంటే చలికాలంలో కొన్ని వారాలు గట్టి చలి తగలాలి. బాదం సంగతీ అంతే. రాజస్థాన్‌లో ఇజ్రాయెల్ సాంకేతిక సాయంతో ఆలివ్ వేశారంటే అక్కడి చలి వేరు. నెల్లూరు తీరంలో జనవరి రాత్రి కూడా దుప్పటి అవసరం పెద్దగా ఉండదు. మన గింజ పంట జీడిమామిడే. ఆ తోటల నుంచి మనం తెచ్చుకోవలసింది మొక్కను కాదు, నేలను చూసుకునే పద్ధతిని.

తండ్రి పక్షం ముందు విందాం. జీడిగింజ చెట్టు మీద కోసే పంట కాదు, పండి రాలాక ఏరుకునే పంట. మార్చి నుంచి మే దాకా కూలీలు వంగి ఏరుతూనే ఉంటారు. కింద మోకాలెత్తు గడ్డి ఉంటే సగం గింజలు కంటపడవు, పైగా పాముల భయం. ఎండు గడ్డిలో ఎవరో పారేసిన బీడీ చాలు, తోట మొత్తం పోతుంది. అందుకే ఫిబ్రవరిలో గొర్రు తోలించి, రాలిన ఆకును ఊడ్చి, కుప్ప పెట్టి తగలబెట్టడం అలవాటైంది. ఇది సోమరితనం కాదు, పంట చేతికి రావడం కోసం పుట్టిన పద్ధతి. కాలిఫోర్నియా బాదం రైతులదీ ఇదే ఇబ్బంది. అక్కడ యంత్రంతో చెట్టును ఊపి, రాలిన కాయల్ని నేల మీదే ఆరబెట్టి ఊడ్చుకుంటారు కాబట్టి కోత నాటికి నేల చదునుగా, బోడిగా ఉండాలి.

నష్టమంతా ఆ బోడితనం ఏడాది పొడవునా కొనసాగడంలో ఉంది. జీడిచెట్టుకు తిండి తెచ్చే సన్నవేళ్లు చాలావరకు పైపొరలోనే పరుచుకుని ఉంటాయి. గొర్రు తోలిన ప్రతిసారీ అవి తెగుతాయి. ఇసుకకు నీళ్లు ఇంకించుకోవడం చేతనవును, పట్టి ఉంచుకోవడమే చేతకాదు. కాబట్టి వాన ఇంకడానికి దున్నాలన్న వాదన గట్టి ఎర్ర నేలల్లో నిలుస్తుంది గానీ ఇక్కడ నిలవదు. ఏప్రిల్ మధ్యాహ్నం దున్నిన ఇసుకలో చెప్పులు విప్పి నిలబడి చూడండి, పది అంకెలు లెక్కపెట్టలేరు. పక్కనే ఆకు ఊడ్చని చెట్టు కింద చేయి పెట్టండి. పైన గలగలలాడే ఎండు జీడాకు, దాని కింద నల్లబడి మెత్తబడిన పొర, ఆ కింద వేలికి అంటుకునే ఇసుక. వేలికి అంటుకుందంటే అందులో ఇంకా తేమ ఉన్నట్టే.

రెండింటికీ మధ్య ఇంకో దారి ఉంది. చాలామంది దీన్నే సేంద్రియ సేద్యం అనుకుంటారు. యూరియా మానేసి, ట్రాక్టర్ల కొద్దీ పశువుల ఎరువు తోలి, జీవామృతం పోసి, దుక్కి మాత్రం యథాప్రకారం దున్నడం. సర్టిఫికెట్టుకు ఇది చాలవచ్చు. జాతీయ సేంద్రియ ప్రమాణాల కింద తోట పంటలకు మార్పిడి కాలం, అంటే రసాయనాలు మానేశాక సర్టిఫికెట్టు కోసం ఆగాల్సిన గడువు, సాధారణంగా మూడేళ్లు, ఆ తర్వాత ధరలో కొంత కలిసి రావచ్చు. నేలకు మాత్రం ఇది అరకొర వైద్యమే.

జీవామృతం లెక్క వేసి చూద్దాం. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఈ డ్రమ్ములో ఉండే నత్రజని అంతా కలిపినా పావుకిలో దాటడం కష్టం. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైనే ఉంటుంది. ఇది ఎరువు కాదు, సూక్ష్మజీవుల తోడు అని ప్రకృతి వ్యవసాయం చెప్పేవారే అంటారు. ఒప్పుకుందాం. మరి తోడు వేయడానికి పాలుండాలి కదా? ఆ జీవులు తినడానికి నేలలో ఆకూ అలమూ వేళ్లూ ఉండాలి. బోడి ఇసుకలో జీవామృతం పోసి చెట్టు పచ్చబడలేదని వాపోతే తప్పు డ్రమ్ముది కాదు.

ఇక కొడుకు పక్షం. అమెరికాలో సేంద్రియ సేద్యం మీద పరిశోధన చేసే రొడేల్ సంస్థ, మరో రెండు కంపెనీలు కలిసి 2017లో తెచ్చిన పునరుజ్జీవ సేంద్రియ (రీజెనరేటివ్ ఆర్గానిక్) సర్టిఫికెట్టు ముద్ర మూడింటిని చూస్తుంది: నేల ఆరోగ్యం, పశువుల బాగోగులు, కూలీలకు న్యాయం. నేల విషయంలో దాని సారాంశం తేలికే. తక్కువ కదుపు, ఎక్కువ కప్పు, రకరకాల వేళ్లు. మధ్యధరా ప్రాంతంలో వాన చలికాలంలో పడుతుంది, వేసవి పొడి. అందుకే అక్కడి ఆలివ్, బాదం తోటల్లో ఈ పద్ధతి పాటించేవారు వానల్లో పచ్చిక పెరగనిచ్చి, వసంతంలో నీళ్ల కోసం చెట్టుతో పోటీ పడకముందే కోసి నేల మీదే పరుస్తారు.

నెల్లూరు, ప్రకాశం తీరం రైతు ఆగి చూడవలసింది ఇక్కడే. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలే ఇస్తాయి. ఆ తర్వాత పొడి. మన తీరం తీరు తెలంగాణ కన్నా స్పెయిన్‌కే దగ్గర. నైరుతిని నమ్ముకున్న జిల్లాల కోసం చెప్పే వేసవి విత్తనాన్ని, అంటే తొలకరికి ముందే నవధాన్యాలు చల్లడాన్ని, ఇక్కడ గుడ్డిగా పాటిస్తే, మొలిచిన నవధాన్యం ఆగస్టు ఎండకే మాడుతుంది. సెప్టెంబరు చివర తొలి జల్లుకు జనుము, పిల్లిపెసర, అలసంద, కొర్ర కలిపి చెట్ల మధ్య సందుల్లో చల్లాలి. వానలన్నీ అవి తాగనీయాలి. సంక్రాంతి నాటికి పడగొట్టాలి. అంతకు మించి ఉంచితే పూత మీదున్న చెట్టుకు దక్కాల్సిన తేమను అవి లాగేస్తాయి. కోసింది సందుల్లోనే ఎండి అణగాలి. గింజ రాలేది కొమ్మల నీడలోనే కాబట్టి ఆ గుండ్రం వరకు ఆకును దంతెతో సందులోకి లాగితే చాలు. కాల్చే పని లేదు, తోటంతా దున్నే పని లేదు. బీడీ భయం పోలేదు కాబట్టి హద్దు వెంట మాత్రం రెండు సాళ్ల వెడల్పున నేలను బోడిగా ఉంచాలి.

విత్తనం కొనలేనివారికి వెంపలి ఉంది. ఇసుకలో దానంతటదే మొలుస్తుంది, పశువులు ముట్టవు, గింజ రాలి మళ్లీ ఏడు వస్తుంది. దాన్ని పీకించడానికి కూలి ఇచ్చేవారిని చూస్తే నాకు నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది.

కప్పుకు ఉన్న మరో లాభం తుపానులో తెలుస్తుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పటి లాంటి వాన పడితే, అంతకుముందు ఇసుకలో వేసిన యూరియా వేళ్లకు అందకుండా కిందికి దిగిపోతుంది. పచ్చిరొట్ట వేళ్లు దానిలో కొంతైనా పట్టుకుంటాయి. అయితే ఏళ్ల తరబడి యూరియా తిన్న చెట్టుకు ఒక్కసారిగా అన్నీ ఆపేస్తే మొదటి రెండు మూడేళ్లు దిగుబడి తగ్గవచ్చు. ముద్ర కోసం కాకుండా నేల కోసం చేస్తున్నవారు ఎరువును ఏటా కొంత చొప్పున తగ్గించుకుంటూ రావడమే తెలివి.

పురుగుల దగ్గర తీర్పు ఇంత సూటిగా ఉండదు. చిగురునూ పూతనూ మాడ్చే టీ దోమను ఆకులు కుట్టి గూడు కట్టుకునే ఎర్రచీమలు బాగా అదుపులో పెడతాయి, మందు కొడితే ముందు చచ్చేవీ అవే. కానీ అవే ఏరేవారి మెడ మీద పడి కరుస్తాయి. కూలీలకు న్యాయం అన్నది నిజమైతే వారికి ఆ తోటలో కూలి ఎక్కువ ఇవ్వాలి. మందుల దారి ఎక్కడికి పోతుందో కేరళ కాసరగోడ్ చూసింది. జీడితోటల మీద ఏళ్ల తరబడి ఎండోసల్ఫాన్ చల్లిన ఆ ప్రాంత ప్రజల గోడు దేశమంతా విన్నది, 2011లో సుప్రీంకోర్టు ఆ మందును నిలిపేసింది. కాండం తొలిచే పురుగు విషయంలో మాత్రం కప్పే తంటా తెస్తుంది. మొదలుకు ఆనించి చెత్త పోస్తే, బెరడు పగుళ్లలోంచి రాలే రంపపు పొట్టు కనబడదు, కనబడేనాటికి చెట్టు పోతుంది. మొదలు చుట్టూ రెండడుగులు ఖాళీగా ఉంచి, నెలకోసారి వంగి చూసి, పొట్టు కనిపిస్తే ఉలితో తొలిచి పురుగును తీసేయాలి.

పశువుల సంగతిలో మనకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. నెల్లూరు జాతి గొర్రె పుట్టిన గడ్డ ఇది, డబ్బిచ్చి మరీ పొలంలో రాత్రిళ్లు మంద కట్టించుకున్న ఊళ్లివి. ఏరడం అయిపోయిన జూన్ నుంచి ఆగస్టు దాకా తోటలో మంద కట్టిస్తే ఎరువూ, గడ్డి కోతా ఒకే ఖర్చులో తీరతాయి. మేకలను మాత్రం లేత తోటలోకి రానీయకూడదు.

అసలు చిక్కు గుత్త. పూత చూసి తోటను ఆ ఏటికి గుత్తకు కొన్న వ్యాపారికి నేల ఏమైతే ఏమిటి? గింజ వేగంగా, పూర్తిగా చేతికి రావాలి, అంతే. ఆకు తగలబెట్టేదీ, తోటంతా గొర్రు తోలించేదీ ఎక్కువగా అతనే. ఏటా గుత్త మార్చే యజమాని పచ్చిరొట్ట చల్లితే ఆ ఖర్చు అతనిది, మిగులు ఇంకొకరిది. అలాంటివారు మూడేళ్ల గుత్త రాసుకుని, నిప్పు పెట్టకూడదనీ చెట్ల మధ్య దున్నకూడదనీ కాగితంలో ఎక్కించుకోవాలి, దానికి ధరలో కొంత తగ్గినా సరే. అది కుదరనివారు దున్నుకోవడమే నయం, విత్తనం డబ్బయినా మిగులుతుంది.

కొమ్మలు కలిసిపోయిన ముసలి తోటలో విత్తనం చల్లడమూ దండగే, ఆ నీడలో ఏదీ లేవదు. అక్కడ ఆకు కాల్చకపోవడమే సగం సేద్యం. బాపట్ల జీడిమామిడి పరిశోధన కేంద్రం ఇచ్చిన బీపీపీ-8 లాంటి రకాల అంట్లను ఎనిమిది మీటర్ల ఎడంతో కొత్తగా పెట్టినవారికి ఎకరాకు అరవై చిల్లర మొక్కలు, వాటి మధ్య మూడు నాలుగేళ్ల పాటు బోలెడు ఖాళీ నేల ఉంటుంది. కప్పు పంటకు అదే అసలు చోటు. అలసంద కాయ అమ్ముకుని, తీగను అక్కడే వదిలేయవచ్చు.