నొప్పులు తెప్పించాలంటే: బెలూనా, మాత్రా?

నెలలు నిండినా గర్భాశయ ముఖద్వారం గట్టిగానే ఉంటే ముందు దాన్ని మెత్తబరచాలి. అందుకు ఒక దారి బెలూన్ ఉన్న ఫోలీ గొట్టం, అంటే మూత్రానికి వేసే గొట్టమే. ముఖద్వారం దాటించి, చివరి బెలూన్‌లో 30 నుంచి 60 మి.లీ. సెలైన్ నింపుతారు. ద్వారం తెరుచుకున్నాక అదే జారి వచ్చేస్తుంది. వేసేటప్పుడు కాస్త ఇబ్బంది. తర్వాత చాలామందికి నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ డ్రిప్ కూడా పెట్టాల్సి వస్తుంది.

మిసోప్రోస్టాల్ మాత్ర మెత్తబరుస్తూనే నొప్పులూ తెప్పిస్తుంది. నోటి ద్వారా అయితే 25 మైక్రోగ్రాములు, రెండు గంటలకోసారి. 200 మైక్రోగ్రాముల మాత్రను ముక్కలు చేసి ఇవ్వడం నాకైతే అస్సలు నచ్చదు: మోతాదు పెరిగితే నొప్పులు తెరిపివ్వవు, బిడ్డ గుండె వేగం పడిపోవచ్చు. నాగ్‌పూర్‌లో బీపీ పెరిగిన గర్భిణులపై జరిగి 2017లో వెలువడిన అధ్యయనంలో, 24 గంటల్లో మామూలు కాన్పు మాత్రతో 57 శాతం మందికి, బెలూన్‌తో 47 శాతం మందికి అయింది.

పాత సిజేరియన్ కుట్టు ఉంటే మాత్రం మాత్ర వద్దు, ఆ కుట్టు విడిపోయే ముప్పుంది. అక్కడ బెలూనే నయం, అదీ వెంటనే ఆపరేషన్ చేయగల ఆసుపత్రిలోనే.