రెండు కంప్యూటర్లు, ఒకే మానిటర్: రెండేళ్లు వాడాక కేవీఎం స్విచ్ గురించి

రెండు కంప్యూటర్లని ఒకే కీబోర్డు, మౌస్, మానిటర్‌తో వాడుకోనిచ్చే చిన్న పెట్టె కేవీఎం స్విచ్. దాని మీద నాకున్న కోపం ఒక్కటే. మానిటర్ వివరాలు కంప్యూటర్‌కి చేరనివ్వదు. అది తప్ప మిగతా పనంతా బాగానే చేస్తుంది.

నా దగ్గర రెండు సీపీయూలున్నాయి. పాతదాంట్లో విండోస్ 7, పేజీలు కూర్చే పేజ్‌మేకర్, యూనికోడ్ కాని పాతరకం అను ఫాంట్లు. ప్రెస్సువాళ్లు ఇప్పటికీ ఆ ఫైళ్లే అడుగుతారు. కొత్తదాంట్లో లినక్స్ మింట్, యూనికోడ్ పని. బటన్ నొక్కితే కీబోర్డు, మౌస్, తెర అన్నీ అటు నుంచి ఇటు వచ్చేస్తాయి. కొన్న కొత్తలో తెలిసినవాళ్లందరికీ ఇదే కొనమని చెప్పాను. ఇప్పుడైతే ముందు వాళ్ల పనేమిటో అడుగుతాను.

ఓ కథల సంపుటి ఆఖరి ప్రూఫు చూస్తున్న రాత్రి కరెంటు పోయింది. వచ్చాక మింట్ కంప్యూటర్ తనంతట తానే ఆన్ అయింది, స్విచ్ మాత్రం విండోస్ వైపు ఉంది. ఇటు తిప్పేసరికి 1920×1080 రిజల్యూషన్ (తెరమీది చుక్కల లెక్క) ఉండాల్సిన తెర 1024×768కి దిగిపోయింది. అక్షరాలు అడ్డంగా సాగి, అంచులు అలికినట్టయ్యాయి. ‘థ’ పొట్టలో చుక్క కనబడదు. ‘కథ’ అని ఉందో ‘కధ’ అని ఉందో తేలకపోతే ఇక ప్రూఫు చూసేదేముంది? సెట్టింగ్స్‌లో చూస్తే 1024×768కి మించి లేదు. తెల్లారితే ఫైలు పంపాలి, ఒకటే టెన్షన్.

షాపుకి ఫోన్ చేస్తే గ్రాఫిక్స్ కార్డు పోయి ఉంటుందన్నారు. స్విచ్ తీసేసి కేబుల్ నేరుగా పెట్టి రీస్టార్ట్ చేస్తే తెర మామూలుగా వచ్చింది. కార్డు బాగానే ఉంది.

తాను ఏ రిజల్యూషన్‌కి పనికొస్తుందో మానిటర్ 128 బైట్లలో దాచుకుంటుంది. దాన్నే ఈడీఐడీ అంటారు. మానిటర్‌కి బొమ్మ చేరవేసే పాతరకం వీజీఏ కేబుల్‌లో 12, 15 పిన్నుల మీదుగా కంప్యూటర్ దాన్ని చదువుకుంటుంది. ఈ స్విచ్ ఆ తీగల్ని ఎంచుకున్న వైపుకే కలుపుతుంది. రెండోవైపు కంప్యూటర్ ఆ సమయంలో ఆన్ అయితే దానికి జవాబు రాదు, 1024×768తో సరిపెట్టుకుంటుంది. విండోస్‌లోనూ ఇంతే, డివైస్ మేనేజర్‌లో ‘జెనరిక్ నాన్-పీఎన్‌పీ మానిటర్’ అని, అంటే ఏదో గుర్తుపట్టని మానిటర్ అని, కనిపిస్తుంది.

మింట్‌లో దీనికి మందు దొరికింది. టెర్మినల్‌లో, తెర కొలతలు లెక్కకట్టే సీవీటీ (cvt) కమాండ్‌కి 1920 1080 60 ఇస్తే 173.00తో మొదలయ్యే అంకెల వరుస వస్తుంది. దాన్ని తెర రిజల్యూషన్ మార్చే ఎక్స్‌ర్యాండ్‌ఆర్ (xrandr) కమాండ్‌లో న్యూమోడ్‌గా చేర్చి, యాడ్‌మోడ్‌తో వీజీఏ-1కి (మానిటర్ తగిలించిన పోర్టు పేరు) తగిలించి, ఆ మోడ్‌ని ఎంచుకున్నాను. తెర ఒక్కసారి నల్లబడి వెలిగింది. ‘థ’లో చుక్క స్పష్టంగా కనబడగానే ప్రాణం లేచొచ్చింది! రీస్టార్ట్ చేస్తే ఇదంతా పోతుంది కాబట్టి ఆ కమాండ్లని హోమ్ ఫోల్డర్‌లో, లాగిన్ అయినప్పుడల్లా నడిచే ఎక్స్‌ప్రొఫైల్ (.xprofile) ఫైలులో రాసిపెట్టాను. లినక్స్‌లో తెరని నడిపే కొత్త పద్ధతి వేలాండ్‌లో లాగిన్ అయితే మాత్రం ఇది పనిచేయదు. విండోస్ వైపు నేను ఇంకా స్విచ్‌ని అటే ఉంచి రీస్టార్ట్ చేస్తున్నాను.

నా టేబుల్ చిన్నది, రెండో మానిటర్ పట్టదు, పాత సీపీయూకి వీజీఏ తప్ప వేరే దారి లేదు. అందుకే దీన్నే వాడుతున్నాను. రెండూ రోజంతా ఆన్‌లో ఉంచేవాళ్లకి, యూపీఎస్ ఉన్నవాళ్లకి ఈ ఇబ్బంది అరుదు. మాటిమాటికీ కరెంటు పోయే చోట ఉంటే మాత్రం, కాస్త ఖరీదైనా ఈడీఐడీ ఎమ్యులేషన్ ఉన్న స్విచ్, అంటే మానిటర్ బదులు తానే ఆ వివరాలు చెప్పేది, అడిగి తీసుకోండి.