ప్రొద్దుటూరులో ఇత్తడి బిళ్ల కోసం

కడపలో గది తీసుకుని పొద్దున్నే ప్రొద్దుటూరు బస్సెక్కు అని ఎవరో చెబితే విన్నాను. వినకుండా ఉండాల్సింది. బస్టాండు దగ్గరి లాడ్జిలో ఏసీ గదికని డబ్బు కట్టించుకున్నారు. అది రాత్రంతా మోత మోగిందే గానీ గది చల్లబడలేదు. అడక్కుండానే బకెట్టుతో వేడినీళ్లు తెచ్చిచ్చిన కుర్రాడు మాత్రం బంగారం. ఈసారి నేరుగా ప్రొద్దుటూరులోనే దిగుతాను. బస్సులకు కొదవలేదు, దిగగానే కారం దోశ దొరుకుతుంది.

నేను వెతికేది యుద్ధకాలపు టోకెన్లు. చిల్లర దొరక్క వ్యాపారులు సొంతంగా కొట్టించుకున్న బిళ్లలన్నమాట. అమెరికా అంతర్యుద్ధంలో, 1862లో జనం నాణేలన్నీ దాచేసుకున్నారు. అంగళ్లవాళ్లు ఏం చేస్తారు, సెంటు సైజులో రాగి బిళ్లలు వేయించారు. నా దగ్గరున్నదాని మీద 'వన్ సెంట్' అని పెద్దగా, దానిపైన 'నాట్' అని చీమ తలకాయంత ఉంటుంది. దొంగనాణెం కేసు పడకుండా ఆ తెలివి! 1864లో చట్టం తెచ్చి వాటిని ఆపించారు. రెండో ప్రపంచయుద్ధంలో మనకూ చిల్లర తంటా వచ్చింది. రాగి ఆదా అవుతుందని 1943లో సర్కారు నడిమధ్య పెద్ద చిల్లుతో కాణీ తెచ్చింది. పిల్లల మొలతాడుకు కట్టిన చిల్లుకాణీ అదే.

కడపలో అడిగిన అంగట్లో ముట్టుకోనివ్వనే లేదు, ధర ముందు చెప్పమన్నారు. ప్రొద్దుటూరులో పాత వెండి కొనే పెద్దాయన అలా కాదు. డబ్బా నేలమీద బోర్లించి, స్టూలు వేసి, టీ తెప్పించాడు. గంటసేపు ఏరుకున్నా విసుక్కోలేదు. చిల్లుకాణీలు గుప్పెడున్నాయి, అన్నీ నా దగ్గరున్నవే.

"ఇది చూడబ్బీ, యుద్ధంనాటి హోటలు టోకెను. ఐదొందలు."

ఇత్తడిది. అంచు అరిగింది, పైన తీగ దూర్చే చిన్న బెజ్జం, దాని చుట్టూ పచ్చగా చిలుము. బొటనవేలితో రుద్ది వెనక్కి తిప్పితే '15 న.పై.' అని ఉంది. ఉసూరుమనిపించింది. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న, యుద్ధమేమో 1945లోనే అయిపోయె.

"యుద్ధంలో అణాలు కదా పెద్దాయనా?" అన్నాను.

ఆయన బిళ్ల తీసుకుని, కళ్లద్దాలు నుదుటికి ఎక్కించి, దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"అయితే చైనా యుద్ధం అనుకో."

1962! లెక్క సరిపోయింది, నాకే మాట రాలేదు. యాభైకిచ్చాడు.